మాలకొండమ్మలందరికీ ఒక్క బిందె

నల్లదిన్నె పట్టణంలో ఇళ్ళ సంఖ్య ఒక్క మధ్యాహ్నంలో తొమ్మిది వేల నుంచి పదకొండు వందలకు ఎలా పడిపోయిందని బయటి ఊళ్ళవాళ్ళు ఇప్పటికీ అడుగుతుంటారు. భూకంపం రాలేదు. జనం వలసపోలేదు. మా కమిషనర్ గారు శిక్షణకు వెళ్ళి వచ్చారు, అంతే.

నా పేరు కోటిలింగం. నల్లదిన్నె పురపాలక సంఘంలో సూపరింటెండెంటుని. నా సర్వీసులో చాలామంది కమిషనర్లను చూశాను. ఒకాయన రోడ్ల మధ్య మొక్కలు నాటించారు. తర్వాత వచ్చినాయన ఆ మొక్కలు పీకించి సిమెంటు బల్లలు వేయించారు. ఆ తర్వాతి ఆయన బల్లల మీద జనం కూర్చుంటున్నారని కోపం తెచ్చుకుని వాటి చుట్టూ ఇనుప కంచె కట్టించారు. ఎవరి ముచ్చట వారిది. ఊరి జనం వాటిని చూసి నవ్వుకునేవాళ్ళు, పని చూసుకునేవాళ్ళు. చిదంబరేశ్వర్ గారి ముచ్చట మాత్రం అలా కంటికి కనపడేది కాదు. అది నల్లటి తెర మీద తెల్లటి అక్షరాల్లో ఉండేది.

ఆయన రాజధానిలో మూడు రోజుల శిక్షణ తీసుకుని సోమవారం నాడు తిరిగొచ్చారు. వస్తూనే సిబ్బందినంతా మీటింగు హాల్లో కూర్చోబెట్టి, ల్యాప్‌టాప్‌ను గోడమీది తెరకు తగిలించారు. తెరంతా నల్లగా ఉండి ఒక మూల చిన్న గీత మిణుకు మిణుకుమంటోంది. కరెంటు సరిగ్గా లేదేమోనని అటెండరు లేచి స్విచ్చి నొక్కబోయాడు.

"కూర్చోవయ్యా, అది అలాగే ఉంటుంది" అన్నారు కమిషనర్ గారు. "మౌసు పట్టుకుని బొమ్మల మీద నొక్కేవాడు పరిపాలన చెయ్యలేడు. ఇకమీదట మనం యంత్రానికి నేరుగా ఆదేశాలిస్తాం. మన దస్త్రాలకు పట్టిన చీడ ఏమిటో తెలుసా? పునరుక్తి! ఉన్నదే మళ్ళీ ఉండటం. దాన్ని ఏరిపారేస్తే మిగిలేదే సత్యం. దానికి ఏకైక విలువ అని పేరు."

మా ఊరి ఇళ్ళ జాబితా ఒకటి కంప్యూటర్లో ఉంది. ఇంటికొక వరస. ఒక్కో వరసలో వార్డు, వీధి, ఇంటి నంబరు, యజమాని పేరు, వాటి మధ్య కామాలు. కమిషనర్ గారు మాకు వంటావిడ కూర చెప్పినంత వివరంగా చెప్పారు. ముందు కామాల దగ్గర కోసి కావలసిన గడి ఒక్కటే బయటికి తీయాలి. దాన్ని కట్ అంటారు. తీసినవాటిని అకారాది వరసలో పేర్చాలి. అది సార్ట్. అలా పేరిస్తే ఒకేలా ఉన్నవన్నీ పక్కపక్కకు చేరతాయి. అప్పుడు యూనిక్ అనే ఆదేశం ఒక్కొక్క గుంపులో ఒకటి ఉంచి మిగతావి తీసేస్తుంది. ఆఖర్న మిగిలినవి లెక్కపెట్టడం.

"ఇప్పుడు మన పట్టణంలో నిజంగా ఎన్ని ఇళ్ళు ఉన్నాయో చూద్దాం" అని ఆయన టకటకా కొట్టారు. మూడో గడి ఇంటి నంబరు, అది ఊళ్ళో ఏ రెండిళ్ళకూ ఒకటిగా ఉండదు. నాలుగోది యజమాని పేరు. ఆయన నాలుగు అని కొట్టారు. ఎంటరు నొక్కగానే తెర మీద 1106 అని పడింది.

కంప్యూటర్ ఆపరేటరు మస్తాన్ వలి గొంతు సవరించుకున్నాడు.

"సార్, అది పేర్ల గడి సార్."

"పేరు లేని ఇల్లు ఉంటుందా?"

"ఉండదు సార్."

"మరి? పేర్లెన్నో ఇళ్ళూ అన్నే."

ఇంత చక్కటి తర్కానికి ఎదురు చెప్పడానికి మాలో ఎవరికీ నోరు రాలేదు. పైగా ఆ హాల్లో ఏసీ ఉంది. బయట ఎండ మండిపోతోంది.

ఇక్కడ మా ప్రాంతం సంగతి కొంచెం చెప్పాలి. మాకు మాలకొండ నరసింహస్వామి ఇలవేల్పు. పిల్లలు లేనివాళ్ళు ఆయనకు మొక్కుకుంటారు, పుడితే ఆయన పేరు పెడతారు. ఉన్నవాళ్ళు కూడా, ఎందుకైనా మంచిదని, ఆయన పేరే పెడతారు. కాబట్టి మా ఊళ్ళో మగవాళ్ళలో మాలకొండయ్యలూ ఆడవాళ్ళలో మాలకొండమ్మలూ కొల్లలు. మాకు దానివల్ల ఏనాడూ ఇబ్బంది లేదు. సోడా మాలకొండయ్య, పొట్టి మాలకొండయ్య, రెండో పెళ్ళి మాలకొండయ్య అని పిలుచుకుంటాం. ఈ సోడా, పొట్టి, రెండో పెళ్ళి వగైరాలకు ఇళ్ళ జాబితాలో గడి లేదు. కమిషనర్ గారిది గోదావరి పక్క. ఆ పేరు ఆయన మా ఊరొచ్చాకే విన్నారు.

సాయంత్రం నన్ను తన గదిలోకి పిలిచి తలుపు వేయించారు. మొహం ఎర్రబడి ఉంది.

"కోటిలింగం గారూ, ఈ మాలకొండయ్య అనేవాడెవడు?"

"ఏ మాలకొండయ్య సార్?"

"ఏ మాలకొండయ్య అంటారేమిటి? ఒక్కడే! ఈ పట్టణంలో పన్నెండు వందల ఇళ్ళు ఒక్కడి పేరు మీద ఉన్నాయి. ప్రతి వీధిలోనూ ఉన్నాయి. ఇంత ఆస్తి కూడబెట్టినవాడు నాకు ఇంతవరకూ కనపడకుండా తిరుగుతున్నాడంటే వెనకాల ఎంత పెద్దవాళ్ళ అండ ఉందో!"

నేను దేవుడి సంగతి చెప్పాను. ఆయన శ్రద్ధగా విని, దేవుడి అండ కూడా ఉందన్నమాట అని రాసుకున్నారు.

ఇదంతా కాగితాల మీదే జరిగితే మాకు కాలక్షేపంగా ఉండేది. కానీ అది మే నెల. మా ఊరికి నీళ్ళిచ్చే రిజర్వాయరు అడుగంటింది. కుళాయిలు ఆగిపోయి నెల దాటింది. రోజూ పద్నాలుగు ట్యాంకర్లు తిరిగితే తప్ప ఊరు గడవదు. తొమ్మిది వేల ఇళ్ళకు పద్నాలుగు ట్యాంకర్లయితే పదకొండు వందల ఇళ్ళకు ఎన్ని? రెండు చాలని లెక్క తేలింది. మిగతా పన్నెండింటినీ షెడ్డులో పెట్టించారు. ఒక్కో పేరుకు రోజుకు రెండు బిందెలు. 'అపవ్యయ నివారణలో నల్లదిన్నె ముందంజ' అని పైకి నివేదిక వెళ్ళింది. పైనుంచి అభినందనలొచ్చాయి.

మా ఆఫీసు గేటుకు ఎదురుగా ఇడ్లీ బండి ఉంది. దాని యజమానురాలి పేరు, మీరు ఊహించినట్టే, మాలకొండమ్మ. భర్త పోయాక ఆ బండి మీదే బతుకుతోంది. మా సిబ్బందిలో సగం మందికి ఇంట్లో పొయ్యి వెలిగేది మధ్యాహ్నానికే. ఉదయం మా ప్రాణాలు ఆమె చేతిలో ఉంటాయి. పప్పు నానబెట్టడానికి, పిండి రుబ్బడానికి, ఆవిరికి, ప్లేట్లు కడగడానికి ఆమెకు రోజూ పది బిందెలు కావాలి. కమిషనర్ గారి లెక్క వచ్చిన మర్నాడు ఆమెకు ఒక్క చెంబు కూడా రాలేదు. పొయ్యి వెలగలేదు.

ఇంకో చిక్కు కూడా ఉంది. వీధి వ్యాపారుల జాగాల మీద మా దగ్గర ఒక నిబంధన ఉంది. వారం రోజులు వరసగా బండి పెట్టకపోతే ఆ జాగా రద్దయి పురపాలక సంఘానికి దఖలు పడుతుంది. గేటుకు ఎదురుగా ఉన్న జాగా కోసం ముగ్గురు నలుగురు ఎప్పటినుంచో కాచుకుని ఉన్నారు. వాళ్ళలో ఇద్దరు ఆ రోజే నాకు నమస్కారం పెట్టి క్షేమసమాచారాలు అడిగారు.

మాలకొండమ్మ రెండు ఖాళీ బిందెలు చంకన పెట్టుకుని తిన్నగా కమిషనర్ గారి గదిలోకి వచ్చింది. వెనక నేనూ వెళ్ళాను.

"సారూ, నాకు నీళ్ళు రాలా" అంది.

కమిషనర్ గారు తెర చూసి మర్యాదగా చెప్పారు. "అమ్మా, మీ పేరు మీద ఈరోజు నీళ్ళు విడుదలైపోయాయి."

"నేను పట్టుకోలేదయ్యా."

"మాలకొండమ్మ పట్టుకుంది."

"ఆమె మేదర బజారు మాలకొండమ్మ. నేను ఇడ్లీల మాలకొండమ్మని. ఆమెకీ నాకూ మాటలు గూడా లేవు."

"మీ పేరేమిటి?"

"మాలకొండమ్మ."

"అయితే పట్టుకున్నట్టే" అన్నారాయన ఎంతో ఓర్పుగా. "మీరందరూ ఒకే విలువకు చెందినవారు. మీలో మీరు సర్దుబాటు చేసుకోవాలి. యంత్రం దృష్టిలో మీకు భేదం లేదు."

"యంత్రానికి లేకపోతే పోయింది, తమరికి కళ్ళున్నాయి గదా! ఆమె ఎర్రగా పొడుగ్గా ఉంటది, నేనిట్టా ఉంటా. వారం పొయ్యి ఎలగకపోతే నా జాగా ఇంకొకరికిస్తారంట. ఇరవై ఏళ్ళబట్టీ ఆడే కూర్చున్నా. ఈ వయసులో నన్ను ఇంకెక్కడికి పొమ్మంటారు సారూ?"

ఆమె చంకలోని బిందెలు రెండూ కింద పెట్టేసింది. నాకు నిజంగానే బాధేసింది, అప్పటికి మా ఇంట్లో కూడా టిఫిను లేదు. కమిషనర్ గారు కూడా కదిలిపోయారు. మానవతా దృక్పథంతో ఒక మార్గం ఆలోచిస్తానని మాటిచ్చారు. ఆయన మాట నిలబెట్టుకునే మనిషి. అదే మా ఖర్మ.

ఆ సాయంత్రానికే ఆ మార్గం సర్క్యులరుగా బయటికొచ్చింది. జాబితా చూసి నీళ్ళు పొయ్యడం కాదట, ట్యాంకరు దగ్గరే ప్రత్యక్షంగా గణన జరుగుతుందట. 'నీటి వినియోగదారులు తమ తమ నామధేయముల అకారాది క్రమమున వరుసలో నిలువవలెను. పునరుక్తి గోచరించిన యెడల తదుపరి వారిని యంత్రము స్వయముగా నిరాకరించును' అని అందులో ఉంది.

తెల్లవారేసరికి ట్యాంకరు పక్కన బల్ల వేసుకుని మస్తాన్ వలి ల్యాప్‌టాప్‌తో కూర్చున్నాడు. ఒక్కొక్కరూ వచ్చి పేరు చెప్పాలి. అతను కొట్టాలి. పై వరసలో ఉన్న పేరూ ఈ పేరూ ఒకటే అయితే తెర మీద ఎర్రగా పడుతుంది, బిందె తీసేసుకుని పక్కకు పోవాలి.

ఆ రోజు అ అక్షరం వాళ్ళ వైభవం చూడాలి. అంకమ్మ, అంజయ్య, అచ్చమ్మ, వీళ్ళంతా ఎన్నడూ లేని ఠీవితో ముందు నిలబడ్డారు. వెంకాయమ్మ తన పేరు ఎంకాయమ్మేనని, ఇంట్లో అందరూ అలాగే పిలుస్తారని ఒట్టు పెట్టి ముందుకొచ్చి నిలబడింది. హజరత్తూ హనుమాయమ్మా వరస చివర గొడుగేసుకుని కూర్చున్నారు. వాళ్ళ దగ్గరికొచ్చేసరికి ట్యాంకర్లో బురద తప్ప మిగల్లేదు. ఆ వారం మా ఆస్పత్రిలో పుట్టిన పిల్లలందరికీ అ తోనే పేర్లు పెట్టారు.

మాలకొండమ్మలు సరిగ్గా మకారం దగ్గర, ఒకరి వెనక ఒకరు, వీధి మలుపు దాకా నిలబడ్డారు. ముందున్నది మేదర బజారావిడ. ఆవిడకు నీళ్ళు దొరికాయి. వెనకున్న వాళ్ళందరికీ వరసగా ఎరుపే. మా ఇడ్లీల మాలకొండమ్మ ఏడోది.

ఆ వరస పక్కనే సైకిలు పంచర్లు వేసే తుపానయ్య కొట్టుంది. ఏదో పెద్ద తుపాను రాత్రి పుట్టాడని వాళ్ళమ్మ ఆ పేరు పెట్టింది. చిన్నప్పుడు బడిలో అందరూ ఏడిపించేవాళ్ళు. ఊళ్ళో ఆ పేరున్నవాడు ఇంకొకడు లేడు. తకారం వాడు కాబట్టి తన బిందెలు ముందే పట్టేసుకుని, కొట్టు ముందు కూర్చుని చోద్యం చూస్తున్నాడు.

"ఏంది మస్తానూ, ఇందాక నా పేరు చెప్పినప్పుడు నీ మిషను ఏమన్లేదే? ఇప్పుడు మళ్ళీ వస్తే ఏమంటది?" అని సరదాకి అడిగాడు.

"నీ ముందున్నోళ్ళది నీ పేరే అయితే ఎర్రగా పడుద్ది. కాకపోతే పడదు. అది పై వరస ఒక్కటే చూసుద్ది. అంతకుముందు ఎవరొచ్చారో దానికి గ్యాపకం ఉండదు" అన్నాడు మస్తాన్ వలి.

వాస్తవం అదే. యూనిక్ ఆదేశానికి వెనకటివి గుర్తుండవు. అందుకే ముందుగా పేర్చి పెట్టాలని శిక్షణలో చెబుతారు. కమిషనర్ గారు పేర్చే పని జనం మీద వదిలేశారు. మాలకొండమ్మ ఆ మాట విన్నది. ఒక్క క్షణం ఆలోచించింది. వెళ్ళి తుపానయ్య చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి తన ముందు నిలబెట్టుకుంది.

"పేరు?"

"తుపానయ్య."

ఏమీ అనలేదు. అతని బిందెలు నిండాయి.

"పేరు?"

"మాలకొండమ్మ."

మిషను కిక్కురుమనలేదు. ఆమె బిందెలూ నిండాయి. వెనకనున్న మాలకొండమ్మలు ఒక్కసారి ఊపిరి పీల్చుకుని, "అన్నా, నా ముందుకొకసారి రా అన్నా" అని తుపానయ్య మీద పడ్డారు.

ఆ రెండు రోజులూ తుపానయ్య జీవితంలో మరపురానివి. పంచర్ల కొట్టు మూసేశాడు. ఇద్దరు మాలకొండయ్యల మధ్య, ఇద్దరు మాలకొండమ్మల మధ్య నిలబడటమే పని. ఒకరు టీ ఇప్పిస్తే ఒకరు బీడీకట్ట ఇచ్చారు. తన వంతుకు వచ్చిన నీళ్ళు మాలకొండమ్మ బండి దగ్గర పోయించాడు. తిరిగి పొయ్యి వెలగ్గానే తనకు జీవితాంతం ఇడ్లీలు పెట్టాలని ఒప్పందం. పప్పు నానబోసింది. నేనూ నా ప్లేటు సిద్ధం చేసుకున్నాను.

మూడో రోజు కమిషనర్ గారు తనిఖీకి వచ్చారు. మకారాల మధ్య తకారం కనపడింది.

'అకారాది క్రమమును భంగపరచి, ఒకే విలువ గల ఇరువురు పౌరుల నడుమ కామా వలె వ్యవహరించినందుకు గాను మీపై చర్య ఏల తీసుకొనరాదో తెలుపుడు' అని తుపానయ్యకు తాఖీదు వెళ్ళింది. తాఖీదు నేనే టైపు చేయించాను. వరస చెడకుండా చూడటానికి శానిటరీ మేస్త్రీలతో క్రమపరిరక్షణ దళం ఏర్పాటైంది. వాళ్ళు కర్రలు పట్టుకుని, చేతిలో వర్ణమాల చార్టు పెట్టుకుని తిరిగేవాళ్ళు. బండి దగ్గర పోయించిన నీళ్ళు అక్రమ నిల్వ కింద స్వాధీనం చేసుకున్నారు. నానిన పప్పు పులిసి కంపు కొట్టింది. మాలకొండమ్మ దాన్ని గేదెలకు పోసి, చల్లటి పొయ్యి ముందు రెండు చేతులూ తలకు పెట్టుకుని కూర్చుంది. నేను గేటులోంచి లోపలికి వెళ్తూ అటు చూడకుండా వెళ్ళాను.

ఇటు నీళ్ళు ఆగిన రోజు నుంచే జనం ఫిర్యాదుల మీద పడ్డారు. ఆఫీసు ముందు తిరునాళ్ళ లాగా అయింది. రోజుకు ఏడెనిమిది వందల ఫిర్యాదులు. మస్తాన్ వలి అన్నీ కంప్యూటర్లో ఎక్కించాలి. తేదీ, వార్డు, పేరు, విషయం. విషయం గడిలో మొదటిసారి 'నీళ్ళు రావడం లేదు' అని కొట్టాడు. తర్వాత వచ్చినవాళ్ళూ అదే చెప్పారు కాబట్టి దాన్నే అతికిస్తూ పోయాడు. వారాంతానికి మూడు వేలు దాటాయి. ఇంత వ్యతిరేకత చూసైనా కమిషనర్ గారు మెత్తబడతారని మేమంతా ఆశపడ్డాం.

శనివారం ఆయన ఫిర్యాదుల జాబితా తెరిచారు. అలవాటు ప్రకారం నాలుగో గడి కోశారు, పేర్చారు, యూనిక్ చేశారు, లెక్కపెట్టారు. తెర మీద 1 అని పడింది.

ఆయన కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకున్నారు. "కోటిలింగం గారూ, చూశారా! ఇంత పెద్ద పట్టణం మొత్తానికి ఉన్నది ఒకే ఒక్క ఫిర్యాదు. రాష్ట్రంలో ఇంత సంతృప్తికరమైన పాలన ఇంకెక్కడైనా ఉందా?"

"మూడు వేల మంది ఇచ్చారు సార్."

"ఇవ్వనివ్వండి. ఇచ్చింది ఒకటేగా."

ఆ ఒక్కటీ ఎంతో కాలం పెండింగులో ఉండకూడదని ఆయన పట్టుదల. విషయం పైకి రాశారు. ఒకే ఒక్క ఫిర్యాదున్న పట్టణాన్ని కళ్ళారా చూడాలని ప్రాంతీయ సంచాలకులు, మేమంతా ఆర్డీ మేడమ్ అంటాం, స్వయంగా బయల్దేరారు. ఫిర్యాదు నీళ్ళు రావడం లేదని. కాబట్టి నీళ్ళిస్తే పరిష్కారమైపోతుంది. ఎవరికివ్వాలి? ఫిర్యాదుదారుల్లో అన్నిటికన్నా ఎక్కువసార్లు వచ్చిన పేరు తీశారు. మాలకొండమ్మ. ఏ మాలకొండమ్మ అన్న ప్రశ్నకు తావు లేదు గనక, ఆఫీసుకు దగ్గర్లో ఉన్న మాలకొండమ్మను పిలిపించారు.

ఆదివారం సాయంత్రం ఆఫీసు ముందు షామియానా వేశారు. దాని గుంజ ఒకటి సరిగ్గా ఇడ్లీ బండి పొయ్యి పక్కన పాతారు. ఒక ఇత్తడి బిందెకు పసుపు రాసి, బొట్లు పెట్టి, మామిడాకులు కట్టారు. దాని నిండా నీళ్ళు. వేల మంది జనం ఖాళీ ప్లాస్టిక్ బిందెలు పట్టుకుని ఆ ఒక్క బిందెను చూస్తున్నారు.

"సమస్యలు వేలల్లో కనిపిస్తాయి. కానీ లోతుగా విశ్లేషిస్తే ఒకటే ఉంటుంది. ఆ ఒక్కదాన్నీ మనం ఈరోజు శాశ్వతంగా పరిష్కరిస్తున్నాం" అని ఆర్డీ మేడమ్ ప్రసంగించి బిందెను మాలకొండమ్మ చంకకు ఎత్తారు. ఫోటోలు తీశారు. మస్తాన్ వలి ఒక మీట నొక్కాడు. షామియానా కింద మూడు వేల సెల్‌ఫోన్లు ఒక్కసారిగా మోగాయి. 'మీ ఫిర్యాదు సంతృప్తికరముగా పరిష్కరించబడినది.'

మైకు మాలకొండమ్మ ముందు పెట్టి ఏదైనా మాట్లాడమన్నారు.

"నీళ్ళిచ్చారు, సంతోషం. రేపటికి వారం. పొద్దున్నే పొయ్యి ఎలిగిస్తా" అంది. ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరగడం చూసి ఆర్డీ మేడమ్ అవి ఆనందబాష్పాలని నాతో అన్నారు.

ఆ రాత్రి మేడమ్ అతిథి గృహంలో ఆగారు. సోమవారం ఉదయాన్నే మా సిబ్బంది అందరితో సమీక్ష. ఊళ్ళో నీళ్ళు లేక హోటళ్ళన్నీ మూసేసి ఉన్నాయి. టిఫిను దొరికే చోటు ఒకటే. మా ఆఫీసులో టిఫిను తెప్పించాలన్నా ఇండెంటు ఉండాలి. పేరు, హోదా, టిఫిను అని నలభై మందికీ వరసగా రాయించి, సంతకం చేసి, నేనే పట్టుకెళ్ళాను. ఆవిరి కమ్మగా వస్తోంది. వారం రోజుల తర్వాత ఆ వాసన పీల్చేసరికి నాకు కళ్ళు చెమర్చాయి.

"నాకు చదువు రాదు గదా, చదవండి సారూ" అంది మాలకొండమ్మ.

నేను చదివాను. పేర్లెందుకని టిఫిను గడి మాత్రం చదివాను. ఇడ్లీ, ఇడ్లీ, ఇడ్లీ, ఇడ్లీ. నలభై వరసలూ అయ్యేదాకా ఓపిగ్గా విన్నది.

"సరే, మీరు నడవండి. తెస్తా."

మీటింగు హాల్లో అందరూ ప్లేట్లు పెట్టుకుని కూర్చున్నారు. వేడికి కిటికీలు తీసి ఉన్నాయి. బయట బిందెలతో జనం. ముందు వరసలో తుపానయ్య ఉన్నాడు. మాలకొండమ్మ చేతిలో ఒక చిన్న ప్లేటుతో వచ్చి దాన్ని ఆర్డీ మేడమ్ ముందు పెట్టింది. ప్లేటులో ఒక ఇడ్లీ, పక్కన కాస్త పచ్చడి.

అందరం గుమ్మం వైపు చూశాం. వెనక ఇంకేమీ రాలేదు.

"మిగతావి ఏవమ్మా?" అన్నారు కమిషనర్ గారు.

"మిగతావి యాడియ్యి సారూ? కోటిలింగం సారు నలభైసార్లు ఒకటే మాట చదివాడు. ఒకటి ఉంచి మిగతావి తీసేశా. తమరు చేసినట్టే."

"అమ్మా, ఇది హాస్యానికి సమయం కాదు."

"నేనూ హాస్యమాడలా. ఇచ్చింది ఒక బిందె. ఒక బిందెతో ఊరంతటికీ తీరింది గదా, ఒక ఇడ్లీతో ఆఫీసుకి తీరదా?"

కమిషనర్ గారు నిన్న మధ్యాహ్నం నుంచి ఏమీ తినలేదు. స్వాగత ఏర్పాట్ల హడావుడిలో కుదరలేదు. ఆయన మామూలుగా గొంతు పెంచే మనిషి కాదు. ఆ రోజు బల్ల మీద చెయ్యి పెట్టి లేచి నిలబడ్డారు.

"నలభై మంది మనుషులం కూర్చున్నాం ఇక్కడ! కనపడటం లేదా? ఇడ్లీ అన్న మాట ఒకటే అయితే అయింది, ఆకలి ఎవరిది వాళ్ళదే కదా! మేడమ్ గారు తింటే నా కడుపు నిండుతుందా?"

మాలకొండమ్మ తన కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఆ మాటే సారూ. ఖాళీ బిందెలు చంకన పెట్టుకుని నీ గదిలోకొచ్చి నేను చెప్పింది ఆ మాటే."

"మస్తానూ, సారన్నది రాసుకున్నావా?" అని కిటికీలోంచి తుపానయ్య అరిచాడు. "ఒక్క ముక్క పోనియ్యబాక!"

సమావేశం వివరాలు రాయడం మస్తాన్ వలి పని. అతను కొట్టిన అక్షరాలు అప్పటికే గోడ మీది తెర మీద ఉన్నాయి. 'ఆకలి ఎవరిది వాళ్ళదే కదా అని గౌరవ కమిషనర్ గారు అభిప్రాయపడ్డారు.' ఆర్డీ మేడమ్ ఆ వాక్యాన్ని చదివారు. కింద ఉన్న ఒక్క ఇడ్లీని చూశారు. కిటికీ బయట ఉన్న బిందెలను, నిన్న సాయంత్రం చూసినవే అయినా, మొదటిసారి చూస్తున్నట్టు చూశారు.

"చిదంబరేశ్వర్ గారూ, మీరు ఇళ్ళు లెక్కపెట్టడానికి తీసుకున్న గడి ఏది?" అని అడిగారు.

"నాలుగోది మేడమ్."

"మూడోది తీసి చూడండి."

ఆయన కూర్చుని, నాలుగు చెరిపి, మూడు కొట్టారు. చెరిపింది ఒక్క అంకె. తొమ్మిది వేల చిల్లర తెర మీద పడింది. ఆయన దాన్ని చాలాసేపు చూసి, ఈ మార్పును సాంకేతిక నవీకరణగా నమోదు చేయాలని చెప్పారు. అలాగే నమోదు చేశాం. మధ్యాహ్నానికి షెడ్డులోని పన్నెండు ట్యాంకర్లూ ఊళ్ళోకి వచ్చాయి. హజరత్తూ హనుమాయమ్మా గొడుగు మూసి బిందెలు నింపుకున్నారు. తుపానయ్యకు ఇచ్చిన తాఖీదు మాత్రం ఇంకా నడుస్తోంది. దానికి వేరే దస్త్రం ఉంది, వేరే సెక్షను చూస్తుంది.

ట్యాంకరు ముందుగా గేటు దగ్గర ఆగింది. మాలకొండమ్మ బిందెలన్నీ నింపుకుని, పాత్ర కడిగి, పొయ్యిలో ఇంకో రెండు కట్టెలు ఎగదోసింది. అప్పుడు నలభై మందికీ ప్లేట్లు పెట్టించింది. కమిషనర్ గారు కూడా వచ్చి బల్ల మీద కూర్చున్నారు. ఆయన్ని ఒక్క మాట అనలేదు, అందరికన్నా వేడివి ఆయనకే వేసింది. ఆయన తలవంచుకుని తిన్నారు.

నా ప్లేటులో నాలుగు పడ్డాయి. అచ్చు ఒకేలా ఉన్నాయి నాలుగూ. ఒక్కటీ తీసెయ్యకుండా తినేసి, ఇంకో రెండు వెయ్యమన్నాను.